మట్టెవాడ పేరు తెలియదన్న సారు

మొన్న ఓరుగల్లులో, మా పాత మట్టెవాడ సందులో నడుస్తుంటే వెలిగారం కాలిన వాసన తగిలింది. ఏదో ఇంట్లో వెండి అతుకుతున్నారు. అవుసుల ఇంట్లో, అంటే కంసాలుల ఇంట్లో పుట్టినదాన్ని, ఆ వాసన నాకు అన్నం వాసనంత దగ్గరిది. దాంతోపాటే వీరమల్లు సారు గుర్తొచ్చారు. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

డెబ్బైల చివర్లో ఆయన మా తొమ్మిదో తరగతి తెలుగు సారు. ఊరి పేర్లంటే పిచ్చి. నల్లబల్ల మీద నిలువుగా గీత గీసి ఒక పక్క 'రుజువుంది' అని, ఇంకో పక్క 'అంటారు' అని రాసేవారు. ఓరుగల్లు అంటే ఒంటి రాయి, దాన్నే సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు, ఆ రాతిగుట్ట కోటలో కళ్ళముందే ఉంది కాబట్టి అది రుజువు పక్కకు. హనుమకొండ మాత్రం 'అంటారు' పక్కకే. హనుమంతుడి కొండ అని కొందరు, హనుమడు, కొండడు అనే ఇద్దరు నాయకుల పేరు మీద వచ్చిందని ఇంకొందరు. "విన్నదంతా రాసుకోండ్రి, నమ్మెటప్పుడు మాత్రం జర ఆగుండ్రి," అనేవారు. మరి మట్టెవాడ? కాలి వేళ్ళకు పెట్టుకునే మట్టెలు చేసే వాడ. "రుజువు కావాల్నా? మన సులోచన ఇంటికి పోయి చూడుండ్రి!" క్లాసంతా నావైపు తిరిగేది. ఇక నాకు నేల మీద కాలు నిలిచేది కాదు.

ఆ సంవత్సరం వార్షికోత్సవానికి మా వాడ పేరు మీద నేను రాసిన వ్యాసానికి మొదటి బహుమతి వచ్చింది. దాన్ని సభలో చదవాలి. ఇంట్లో గొంతు సవరించుకుని చదువుకుంటుంటే నాయనమ్మ పగలబడి నవ్వింది.

"ఓసి పిచ్చిదానా! మేము జనగామ నుంచి ఈడికొచ్చిందే నా పెండ్లయినంక. ఈ వాడల మట్టెలు చేసే కుంపటి పెట్టింది మేమే మొదలు. పేరు మాత్రం అప్పటికే మట్టెవాడ!"

నాకు ఒళ్ళు మండింది. నీకేం తెలుసని కసిరాను. కానీ ఆమె చెప్పింది నిజమేనని లోపల తెలుస్తూనే ఉంది. సారుకు చెబితే వ్యాసం పోతుంది, బహుమతి పోతుంది. ఎనిమిది రోజులు నోరు కుట్టేసుకున్నాను. సభలో గడగడా చదివాను, చప్పట్లు మోగాయి. చివర్లో సారు మురిసిపోతూ నాయనమ్మ దగ్గరికొచ్చి, "తాతల కాలం నుంచి మట్టెలు మీరే చేస్తున్నరు గదమ్మా?" అన్నారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. నాకు ముందే చెప్పిన సంగతి మాత్రం నా మొహం చూసి మింగేసింది.

మర్నాడు ప్రార్థన అయ్యాక సారు ముందుకొచ్చి నిలబడ్డారు. "మట్టెవాడ పేరెట్ల వచ్చిందో నాకు తెల్వదు. పద్దెనిమిదేండ్ల సంది తప్పు చెప్పిన. తప్పు నాది, పిల్లది కాదు."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనున్న లెక్కల సారు, "ఎందుకు సార్ ఇదంతా, ఎవడు పట్టించుకుంటడు?" అని గొణిగారు. నేను తలెత్తలేదు.

అంతటితో ఆగితే ఆయన వీరమల్లు సారు ఎందుకవుతారు? పాత విద్యార్థుల ఇళ్ళకు తిరగడం మొదలుపెట్టారు! ఆదివారం మా వాడలో ఇళ్ళు చూపించమని నన్నూ రమ్మన్నారు. మగ్గం చప్పుడవుతున్న ఒక ఇంటి ముందు సైకిల్ ఆపి, బయటికొచ్చిన అతనితో, "నర్సయ్యా, చిన్నప్పుడు నీకొకటి తప్పు చెప్పిన బిడ్డా," అన్నారు. మట్టెవాడ సంగతంతా విన్నాక అతను కంగారుపడిపోయాడు. "అయ్యో సారూ, దీనికోసం ఇంతదూరం వచ్చిన్రా? కూసోండ్రి, చాయ్ తాగి పోండ్రి." సారు కూర్చోలేదు.

రోడ్డు మీదికి రాగానే నాకు ఏడుపు ఆగలేదు. "సార్, నాకు ముందే తెలుసు. నాయనమ్మ చెప్పింది. బహుమతి పోతదని చెప్పలే."

ఆయన ఆగారు. "ఎన్ని దినాలు దాచినవ్?"

"ఎనిమిది."

నవ్వలేదు, కోప్పడలేదు. "ఎనిమిది దినాలు నీయి, పద్దెనిమిదేండ్లు నాయి. పా, ఇంకా నాలుగిండ్లున్నయి. వచ్చే ఇంట్ల నువ్వు చెప్పాలె."

చెప్పాను.

సారు పోయి చాలా ఏళ్ళయింది. నేనూ ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, తప్పులూ తక్కువేం చెప్పలేదు. తప్పని తేలిన రోజు ఇప్పటికీ ఫోన్ జోలికి పోను. చెప్పులేసుకుని ఆ పాఠం విన్నవాళ్ళ గడప దాకా నడుస్తాను.