నీలం లైటు కింద అంగి

పాత మిలిటరీ చొక్కాలు పోగేయడం నాకో పిచ్చి. ఆకురంగు, మట్టిరంగు మరకలుండే కామఫ్లాజ్ చొక్కాలైతే ఇక చెప్పనక్కర్లేదు. కరీంనగర్‌లో మా పైగది నిండా అవే వేలాడుతుంటాయి. చాలావరకు భైంసాలో వేలం సరుకు అమ్మే ఒకాయన దగ్గర కట్టలు విప్పించి తెచ్చినవి, ఎవరూ తొడగనివి. గుండీలు దేనితో చేశారు, జేబు ఎలా కుట్టారు, మరకల అంచులు ఎలా ఉన్నాయి, ఇవి చూసి చొక్కా వయసు చెప్పేస్తాను. అనుమానం మిగిలితే, దుకాణాల్లో నోట్లు పరీక్షించే నీలం లైటు కింద పెడతాను. ఈ మధ్య తయారైన బట్ట, దారం దాని కింద తెల్లగా మెరుస్తాయి. పాతవి మెరవవు. ఆ లైటు చెప్పిందే నాకు వేదవాక్కు.

కిందటేడు, చనిపోయిన పెద్దలను తలుచుకునే పెత్తరమాసకు వారం ముందు నస్పూర్ నుంచి ఒకామె ఫోన్ చేసి మరీ వచ్చింది. భర్త బొగ్గుబావిలో పనిచేస్తాడట. సంచిలోంచి ఒక చొక్కా తీసి బల్లమీద పరిచింది. కుంచెతో అడ్డంగా గీసినట్టు ఆకుపచ్చ, గోధుమరంగు చారలు.

“మా బాపుది సారు. బాయిల వాచ్‌మన్‌గ చేరకముందు మిలిటరీల ఉండె. కాయితాలు ఎక్కడ పోయినయో ఏమో. పెత్తరమాసనాడు బాపు ఫొటో ముంగట గీ అంగి పెడితే మా అన్న నవ్వుతుండు. బాపు మిలిటరీకి పోనే పోలేదట, సంతల కొనుక్కున్నడట. జర చూసి చెప్పుండ్రి.”

కిటికీ మూసి లైటు వేశాను. చొక్కా మొత్తం ట్యూబులైటులా వెలిగింది.

“గిది పాతది కాదు చెల్లె” అన్నాను, పెద్ద డాక్టరులా జాలిగా. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది. ఆమె చొక్కా మడతపెట్టుకుని, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

వంటింట్లోంచి అంతా విన్న నా భార్య కాసేపటికి వచ్చింది.

“గామె ఆ అంగిని ఉతుకుతదా?”

“నేనడగలే.”

“బట్టలుతికే పౌడర్‌లనే ఉంటది గా మెరుపు. నీ బనీను పెట్టి చూడు.”

బనీను పెట్టాను, వెలిగింది. లుంగీ వెలిగింది. ముప్పై ఏళ్ల నాటి నా పెళ్లిపంచె కూడా వెలిగింది. నా భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. రంగు పోతుందని నా చొక్కాలకు నేను నీటిచుక్క తగలనివ్వను. ఇన్నేళ్లలో, ఒకరు తొడిగి, ఇంకొకరు ఉతికి దాచుకున్న చొక్కా ఒక్కటీ నా చేతికి రాలేదు.

తప్పు ఒప్పుకోవడానికి మొహం చెల్లక మూడు రోజులు గడిపాను. నాలుగో రోజు నస్పూర్ బస్సెక్కాను.

“ఏడాదికోసారి ఉతుకుత సారు. బాపు ముంగట మాసిన అంగి ఎట్ల పెడుత?” అన్నదామె.

ఈసారి లైటు తీసుకెళ్లలేదు. భూతద్దంతో అంగుళం అంగుళం చూశాను. కాలర్ లోపల ఒక అతుకు ఉంది. బట్ట అరిగితే వాళ్లమ్మ వేసిందట. విప్పుదామా అని అడిగితే ఆమే బ్లేడు తెచ్చి ఒక్కో కుట్టూ తెంపింది. అతుకు కింద, ఉతుకుల రాపిడి తగలని చోట, మిలిటరీ స్టోర్ల బాణం గుర్తు, సంవత్సరం తాలూకు రెండంకెలు. ఆమె పుట్టకముందు సంవత్సరం అది. దాని కింద నల్లసిరాతో చేత్తో రాసిన నాలుగంకెలు. సిపాయిలు తమ నంబరులో చివరి నాలుగంకెలు అలా బట్టలమీద రాసుకుంటారని చెప్పాను.

ఆమె లేచి, లోపలినుంచి తండ్రి వాడిన ఇనుప పెట్టె ఒకటి ఈడ్చుకొచ్చింది. మూతమీద తుప్పు మధ్య తెల్లరంగుతో అవే నాలుగంకెలు.

“మీ బాపుదే చెల్లె. తప్పు నాది” అన్నాను. ప్రాణం తేలికపడింది. ఆమె వెంటనే రెండు ఫొటోలు తీసి అన్నకు పంపింది. తిని పొమ్మని నన్ను కూర్చోబెట్టి, జొన్నరొట్టె వడ్డిస్తూ, కోపమేమీ లేకుండా చెప్పింది:

“మా అన్న నోరు మూయిద్దామనే మీ తానకొచ్చిన సారు. నాకైతే ఎన్నడు అనుమానం రాలే. మీరు చెప్పినంకనే, గీ నాలుగు దినాలు మా బాపు అబద్ధమాడిండేమో అనుకున్న.”