విని తెచ్చిన బేరింగు

మా పెదనాన్నగారికి చెవుడు వచ్చిందని మా షెడ్డులో అందరికంటే ముందు కనిపెట్టింది నేను. కనిపెట్టి నోరు మూసుకున్నదీ నేనే. చర్చిలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆయనే. ఆ ఏడాది ఆయన గొంతు అందరికంటే కాస్త వెనకబడడం మొదలైంది. వయసు మీద పడిందని జనం అనుకున్నారు. ఆయన పక్కవాళ్ళ పెదవుల వంక కళ్ళార్పకుండా చూస్తూ పాడడం నాకు కనబడింది. మర్నాడు షెడ్డులో వెనకనుంచి రెండుసార్లు పిలిచాను. పలకలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే, "ఎంతసేపయ్యిందిరా వచ్చి?" అని నవ్వారు.

చెవుడు ఎవరికైనా రావచ్చు, ఆయనకి రాకూడదు. అమలాపురంలో కాలవగట్టు మీద మాది చిన్న రేకుల షెడ్డు. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక గ్రైండరు. ఊళ్ళో అంతకంటే పెద్ద షెడ్లు ఉన్నా జనం మా దగ్గరికి వచ్చేది ఆయన చెవి కోసమే. తిరుగుతున్న బేరింగుకి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. మంచి బేరింగు సన్నగా, ఒకే తీరున జుయ్‌మంటుంది. పోయినది లోపల ఇసుక పోసినట్టు గరగరమంటుంది. ఈ రెంటికీ మధ్య ఇంకెన్నో చప్పుళ్ళు, అవన్నీ ఆయనకే తెలుసు. కొత్తపేట మిల్లులవాళ్ళు కూడా మిల్లు విప్పేముందు "ఒక్కసారి వచ్చి విని వెళ్ళండి మేస్త్రిగారూ" అని కబురు పెట్టేవారు. ఆ విద్య నాకూ నేర్పారు. శుభ్రంగా నేర్చుకున్నాను, అదే నా ఖర్మ.

మా మిషన్లకి వేరువేరు మోటార్లు లేవు. షెడ్డు మూల ఒక ఆయిలింజను, పైన దూలాల కింద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పొడుగాటి ఇనప షాఫ్టు, దాని మీంచి ఒక్కో మిషనుకి ఒక్కో బెల్టు. ఎప్పుడో మూతపడ్డ మిల్లులోంచి తెచ్చిన సరంజామా, తెల్లవాళ్ళ కాలం నాటిది. ఆ షాఫ్టు తిరిగేది నాలుగు బేరింగుల మీద. అందులో మూడోది, సరిగ్గా డ్రిల్లింగ్ మిషను నెత్తినున్నది, ఆ వేసవిలో పోయింది. అది లేకపోతే షెడ్డు మొత్తం ఆగిపోతుంది. తిరుగుతుండగా పగిలితే కింద నిలబడ్డవాడి గతి ఏమిటో చెప్పక్కర్లేదు.

కొత్తది కొందామని పాతదాన్ని గుడ్డలో చుట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. దాని మీద నెంబరు ఎప్పుడో అరిగిపోయింది. కొట్టాయన కొలిచి, మళ్ళీ కొలిచి, "ఇది అంగుళాల సైజండి. ఇప్పుడొచ్చేవన్నీ మిల్లీమీటర్లే. బొంబాయి రాయాలండి. మూడు నెలలు పడద్ది, అప్పటికైనా వస్తాదని మాట ఇవ్వలేనండి" అన్నాడు. రేటు విన్నాక మళ్ళీ గుడ్డలో చుట్టేసుకున్నాను. కాకినాడలో పాత ఇనుము కొట్లన్నీ రెండు రోజులు తిరిగితే ఒకచోట కాస్త చిన్న సైజు కనబడింది. చుట్టూ డబ్బా రేకు చుట్టి బిగించేస్తే ఏళ్ళ తరబడి తిరుగుతుందని ఆ కొట్టతను అన్నాడు. అలా చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే పెదనాన్నగారు కసురుకున్నారు. "రేకు చుట్టిన బేరింగు కింద మనుషుల్ని నిలబెట్టమంటావట్రా?" అన్నారు. ఆ కింద ఎక్కువసేపు నిలబడేది ఆయనే.

ఇరవై రోజులు షెడ్డు మూగదైపోయింది. పనివాళ్ళిద్దరూ పొద్దున్నే వచ్చి, తుడిచిన మిషన్లనే మళ్ళీ తుడిచి, మొహాలు వేలాడేసుకుని వెళ్ళేవారు. మా దగ్గరికి రావలసిన మిల్లు షాఫ్టులు మా ముందునుంచే బండ్ల మీద వేరే షెడ్లకి వెళ్ళేవి. పెదనాన్నగారు అరుగు మీద కూర్చుని అవి వెళ్ళేదాకా చూసేవారు. ఆయన అలా కూర్చోవడం చూడలేకపోయేవాణ్ణి.

అప్పుడే ఎవరో చెప్పారు. తాటిపాక వైపు చమురు తవ్వకాలు మొదలయ్యాక, పెద్ద పెద్ద యంత్రాల్లోంచి తీసేసిన సామాను ఆ చుట్టుపక్కల పాత ఇనుము వ్యాపారుల దగ్గరికి చేరుతోందట. ఇద్దరం బస్సెక్కాం. గోదావరి పాయ మీది గన్నవరం అక్విడెక్టు వంతెన దాటుతుంటే ఆయన ఏదో అడిగారు, నేను జవాబు చెప్పాను, ఆయనకి వినబడలేదు. తలూపి కిటికీలోంచి బయటికి చూశారు.

కొబ్బరితోట వెనక దొడ్డి నిండా గొలుసులు, గొట్టాలు, పళ్ళు విరిగిన చక్రాలు. వ్యాపారి మర్యాదస్తుడే. "ఇదిగోనండి, ఆ కుప్పంతా బేరింగులే. విని చూసుకోండి మేస్త్రిగారండీ. విని తీసికెళ్ళేకా మళ్ళీ తెచ్చి మా మొహాన కొట్టకూడదండి, అదొక్కటే" అన్నాడు. పాత సామాను దగ్గర పద్ధతి ఎక్కడైనా అంతే. విన్న బేరింగు వాపసు తీసుకోరు.

మధ్యాహ్నందాకా కుప్ప తిరగేశాం. అడుగునెక్కడో జిడ్డు పట్టి దొరికింది. కాలిపరు పెట్టి కొలిస్తే లోపలా బయటా అణువంత తేడా లేదు. పెదనాన్నగారి మొహం ఎన్నాళ్ళకో వెలిగింది. కిరసనాయిలులో కడిగి, ఆరబెట్టి, కర్ర మేకుకి తగిలించి తిప్పారు. స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తిప్పారు, మళ్ళీ విన్నారు. ఇదివరకు అంతసేపు వినేవారు కారు. చివరికి స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టి, "నువ్వూ వినరా" అన్నారు.

విన్నాను. చప్పుడు సన్నగా, బాగానే ఉంది. కానీ ప్రతి చుట్టులోనూ ఒక్కచోట టిక్‌మంటోంది, అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు.

"బావుందారా?" అన్నారు నా మొహంలోకి చూస్తూ.

అక్కడ వ్యాపారి ఉన్నాడు. రాజోలునుంచి బేరానికొచ్చిన మేస్త్రీలు ఇద్దరున్నారు, ఇద్దరూ ఆయన్ని చేతులు కట్టుకుని చూస్తున్నారు. టిక్‌మంటోందని నేనంటే, అంత పెద్ద మేస్త్రికి అది ఎందుకు వినబడలేదని వాళ్ళకి అనుమానం రాదా? పైగా మా వైపు పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే నోట్లోంచి ముందు ఆయ్ అని వచ్చేస్తుంది, అడిగిందేమిటో తర్వాత ఆలోచిస్తాం. పెద్దలు అడిగేది మన ఒప్పుకోలు కోసం గాని అభిప్రాయం కోసం కాదని అనుకుంటూ పెరిగినవాణ్ణి. ఇరవై రోజుల అరుగు కూడా కళ్ళముందు ఆడింది. ఇవన్నీ ఇప్పుడు ఏకరువు పెడుతున్నాను గాని ఆ క్షణంలో ఇంత ఆలోచన ఎక్కడిది?

"ఆయ్. బావుందండి" అన్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు చాలా మంచిది.

మర్నాడే బిగించాం, షెడ్డు మళ్ళీ మోగింది. రోజూ ఇంజను పెట్టగానే ఏదో వంకన నిచ్చెనెక్కి వినేవాణ్ణి. టిక్ పోలేదు, పెరిగింది. గ్రీజు పెట్టేవాణ్ణి. ఇవాళ చెప్పేద్దాం అనుకునేవాణ్ణి, ఈ షాఫ్టు పని పూర్తయ్యాక చెబుదాం అనుకునేవాణ్ణి. చెబితే, ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఆ ప్రశ్నకి భయపడ్డాను, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

పదకొండో రోజు పొద్దున్న లేతు మీద పనిలో ఉన్నాను. పైన బేరింగు మూలగడం మొదలెట్టి, చూస్తుండగానే కీచుమని అరుపందుకుంది. పనివాళ్ళిద్దరూ తలెత్తారు. పెదనాన్నగారు సరిగ్గా దాని కింద, మాకు వీపు పెట్టి, ఎప్పటిలాగే డ్రిల్లింగ్ మిషను బెల్టుని వెదురుకర్రతో పుల్లీ మీదికి తోస్తున్నారు. ముగ్గురం ఒక్కసారిగా అరిచాం. షెడ్డు రేకులదిరాయి. ఆయన వెనక్కి తిరగలేదు. ఎడమచేత్తో నెమ్మదిగా చొక్కా సవరించుకోవడం ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది. నేను ఇంజను వైపు పరిగెత్తాను. బేరింగు పగిలి షాఫ్టు ఆ మేర కిందికి కుంగింది. బెల్టు ఎగిరి కర్రకీ ఆయన కుడిచేతికీ కలిపి చుట్టుకుంది. ఇంజను ఆపేశాను, కానీ దాని పక్కనుండే అంత బరువు ఫ్లైవీలు చక్రం వెంటనే ఆగుతుందా? అది తన చుట్లు తను తిరిగాకే ఆగింది.

టాక్సీలో రావులపాలెం మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మోచేతి కిందనుంచి చెయ్యి తీసేశారు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆయన మంచం పక్కన ఒక్కణ్ణే ఉన్నాను. ఇంక మోయలేకపోయాను. దగ్గరికి వంగి, "ఆ బేరింగు తాటిపాకలోనే చెడ్డదండి పెదనాన్నగారూ. నాకు వినబడింది" అన్నాను.

"ఏంటీ?" అన్నారు.

ఇంకాస్త గట్టిగా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, చెవి నావైపు తిప్పారు. నలుగురి ముందు ఆయన చెవుడు బయటపడకూడదని దాచిన మాటని, ఆ వార్డు నిండా రోగులూ వాళ్ళ మనుషులూ వింటుండగా గొంతు చించుకుని అరిచి చెప్పాను. అందరూ మావైపు తిరిగారు.

పెదనాన్నగారికి ఈసారి వినబడింది. కోప్పడితే బాగుండేది. ఆయన గొంతులో కోపం లేదు.

"నాకు వినబడదని నాకు తెలీదట్రా?" అన్నారు. "అందుకే కదా నిన్ను వినమన్నాను."