అన్నం మానేసిన భోక్త

ఆ రోజుల్లో నాకు శత్రువంటూ ఎవరైనా ఉంటే అది అన్నమే. టెక్కలిలో కొత్తగా గుమాస్తా ఉద్యోగంలో చేరాను. రెండో అంతస్తులోని ఆఫీసుకి మెట్లెక్కి చేరేసరికి ఆయాసంతో ‘గుడ్ మార్నింగ్ సార్’లో ‘గుడ్’ ఒక్కటే బయటికొచ్చేది, మిగతాది పెద్దసారు తనే పూరించుకునేవారు. పక్క సీటు మిత్రుడు (వరసేమీ లేకపోయినా అందరినీ బావా అనే పిలిచే రకం) ఒకరోజు ఫోనులో ఏవో వీడియోలు చూపించి, “అన్నం మానీ బావా. ఇడ్లీ, అట్టు, పంచదార, అన్నీ మానీ. నెయ్యి తాగు, గుడ్లు తిను. నెల తిరిగేసరికి ఎలాగైపోతావో సూడు” అన్నాడు. మేం గుడ్లు తినమని, మావాళ్లు పలాసలో పౌరోహిత్యం చేసుకునేవాళ్లని గుర్తుచేశాను. వాడు నావైపు జాలిగా చూసి, “అయితే కష్టమే బావా” అన్నాడు.

కష్టం అనేది చాలా చిన్న మాట. పొద్దున పనీరు, మధ్యాహ్నం పాలకూర, రాత్రికి రెండూ కలిపి. మా ఊరికి జీడిపప్పు కొదవా, అదైనా దిక్కనుకుని గుప్పిళ్లకొద్దీ నమిలాను. అందులోనూ పిండిపదార్థం బాగానే ఉంటుందని ఇంకో వీడియోలో ఒకాయన నవ్వుతూ చెప్పేసరికి నిజంగానే ఏడుపొచ్చింది. “అన్నమే తిననోడికి పెరుగెందుకురా, దేన్లో కలుపుకుంటావు?” అని అమ్మ రోజూ అడిగేది. కల్లో కూడా ఆవకాయన్నమే వచ్చేది, ముద్ద నోటిదాకా రాగానే మెలకువ వచ్చేసేది. బరువు చూసుకునే మిషను మాత్రం మొదట్లో కాస్త కరుణించి, ఆ తర్వాత మొండికేసింది.

అలా బతుకు మీదే విరక్తి పుట్టిన ఒక ఉదయం నాన్న, “కవిటిలో తద్దినం ఉంది. రావలసిన ఇద్దరు భోక్తల్లో ఒకాయనకి జ్వరమట. నువ్వు రావాలి” అన్నారు. (భోక్త అంటే, పోయినవారి స్థానంలో కూర్చుని, వాళ్ల కోసం వండినది తినేవాడు.) “నాన్నా, నా డైటు...” అన్నాను. “నోర్మూసుకుని స్నానం చెయ్యి” అన్నారు.

ఆ ఇల్లు ఒక టీచరుగారిది. ఆయన తన అన్నగారికి పెడుతున్న తద్దినం అది. ఆకులో వేడన్నం, నెయ్యి, గారెలు, పరమాన్నం వరసగా దిగాయి. భోజనం దగ్గర భోక్త మాట్లాడకూడదు కనక చెయ్యి అడ్డం పెట్టి, కూర ఒక్కటే కెలుకుతూ కూర్చున్నాను. మంత్రం చెబుతున్న నాన్న కళ్లతోనే నన్ను కాల్చేశారు. నేను చలించలేదు.

వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న టీచరుగారి తల్లి మెల్లగా నా దగ్గరికొచ్చింది.

“అదేటి నాయినా, ముట్టుకోవేటి? మా పెద్దాడికి గారెలంటే పేణం. కిడ్నీలు పాడైనాక ఉప్పొద్దన్నారు, పప్పొద్దన్నారు. ఇంటి సుట్టూ కొబ్బరి సెట్లే, కొబ్బరినీళ్లూ వద్దన్నారు. ఆఖర్న మంచినీళ్లు కూడా కొలిచే పోసేను. ‘అమ్మా, ఇంకొంచెం’ అంటే గ్లాసు దాచేసేను. ఇయ్యాలైనా వాడి కడుపు నిండనీ నాయినా.”

అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఆయన కోసమో, అన్నాళ్లకి అన్నం దొరికినందుకో ఇప్పటికీ చెప్పలేను. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఆవిడ వడ్డించిందల్లా తిన్నాను, వడ్డించబోతున్నదాని వైపు కూడా ఆశగా చూశాను. పక్కనున్న పెద్ద భోక్తగారు జాగ్రత్తగా తన ఆకు కాస్త అటు జరుపుకున్నారు. చివర్న టీచరుగారు చేతులు జోడించి తృప్తి అయిందా అని అడిగితే, “అయింది” అన్నాను, ఆ ఇంటి పెద్దకొడుకు తరఫున. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

తిరుగు దారిలో సోంపేట దాటాక, బండి వెనక కూర్చున్న నాన్న, “రేపట్నించి మళ్లీ పాలకూరేనా?” అన్నారు. “అవును నాన్నా” అన్నాను. మొదలెట్టాను కూడా. ఆ వారంలోనే మానేశాను కూడా.

ఆకలి తన ఒక్కడి వ్యవహారమే అనుకుని, అంత గంభీరంగా ఆకు ముందు కూర్చున్న ఆ లావుపాటి కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, వాణ్ణి కాస్త దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. ఇప్పటికీ ఏడాదికోసారైనా అన్నం మానేస్తూనే ఉన్నాను. ఒళ్లు తగ్గలేదు. తగ్గుతుందన్న ఆశ మాత్రం బాగా సన్నబడింది.