ఎనిమిదిన్నర అడుగుల హాలు

బందరులో మా హాలు ఎత్తు పద్దెనిమిది అడుగులు. అందులో ఎనిమిదిన్నర అడుగులు నావి. తొమ్మిది అడుగులు మా దాయాదులవి. మిగిలిన అర అడుగు మధ్యలో వేసిన స్లాబుది. ఇల్లు పంచుకున్నప్పుడు గదులు చాలక, హాలు ఎత్తును కూడా పంచారు. పాత హాలుకు కిటికీలు గోడ పైభాగాన ఉండేవి. స్లాబు వేశాక అవన్నీ పైవాటాకు వెళ్లిపోయాయి. నాకు ఒక తలుపు మిగిలింది. దాయాదులు తమ వాటాను చిలకలపూడి నగల పనివాళ్లకు అద్దెకిచ్చారు. వారంలో ఆరు రోజులు నా నెత్తిమీద చిన్న సుత్తులు టిక్కుటిక్కుమంటూనే ఉంటాయి. ఆదివారం ఒక్కటే నాది.

ఈ సంగతులు నేను ఎవరికీ చెప్పను. గుడివాడలో ఆ రోజు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ లేదు.

గుడివాడలో ఒక రైసు మిల్లు యజమాని, మిల్లు ఆఫీసు మీద పాటలు వినడానికే ఒక గది కట్టించుకున్నారు. ఆయన తాతల నాడు ఆ కుటుంబం దివిసీమలో మా ఇంట్లో పనిచేసింది. ఈ విషయం ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. సంగీతం ఇష్టమున్న నలుగురిని పిలిచి, గోడల నిండా శబ్దాన్ని పీల్చే కంపెనీ పలకలు బిగించిన ఆ గదిలో కూర్చోబెట్టి, గంటసేపు వినిపించారు. తరవాత ఒక్కొక్కరినీ అడుగుతూ నా దగ్గరికి వచ్చారు.

"ఎలా ఉందండీ?"

"బాగుంది. కాకపోతే మరీ మెత్తగా ఉంది. పరుపులో కూరుకుపోయి విన్నట్టుంది. నాదస్వరం లాంటిది వినాలంటే మా హాల్లో వినాలి."

"మీ దగ్గర నాదస్వరం ఉందాండీ?"

"దివిసీమలో మా ఇంటి అరుగు మీద జరిగిన కచేరీ. మా తాతగారు చేయించింది. టేపు ఉంది."

ఆయన నవ్వారు. "అయితే రమ్మనండి మరి. మాది పరుపన్నారు కదా, మీ చాప ఎంత గట్టిదో మేమూ చూస్తాం."

మిగతా ముగ్గురూ నవ్వారు. "వచ్చే నెల మొదటి ఆదివారం రండి" అన్నాను. ఆ మాట నోటి నుంచి వస్తున్నప్పుడే తెలుసు, నేను తలుపు వేసుకుని గడియ పెట్టుకున్నానని.

అసలు ఆ టేపును నేను హాల్లో స్పీకర్లు పెట్టి సరిగ్గా విన్నదే లేదు. హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే స్లాబు టంగుమని తిరిగి కొట్టేది. నాదస్వరం అందుకుంటే ఒక స్వరం మీద ఇంకో స్వరం పడి, మూత పెట్టిన గిన్నెలో మరుగుతున్నట్టుండేది. టేపును కంప్యూటర్లోకి ఎక్కించి హెడ్‌ఫోన్లలో వినేవాణ్ణి. ఒకచోట, రాగం ముగిసే చోట, మా తాతగారు "భేష్" అంటారు. నేను చూడని మనిషి గొంతు. ఆ ఒక్క మాట నలుగురూ నా ఇంటి కప్పు కింద స్పష్టంగా వినాలి. ఇది ఎవరి ఇల్లో వాళ్లకు అప్పుడు తెలుస్తుంది. నాకు కావలసింది అంతే. అది జరగకపోతే గుడివాడలో నా మాటకు ఇక విలువ ఉండదు.

ఇలాంటి గదికి ఏం చేయాలో చదివి తెలుసుకున్నాను. నున్నటి కప్పుకు తగిలిన శబ్దం ముద్దగా వెనక్కి వస్తుంది. కప్పుకు ఎత్తుపల్లాలుగా చెక్క పట్టీలు బిగిస్తే అది చెల్లాచెదురై మెల్లగా దిగుతుంది. ఏ పట్టీ ఎంత కిందికి దిగాలన్నదానికి ఒక లెక్క ఉంది. సున్నా నుంచి ఆరు దాకా అంకెలు వేసుకుని, ఒక్కోదాన్ని దానితోనే హెచ్చవేసి, ఏడుతో భాగించి, శేషం తీసుకోవాలి. సున్నా, ఒకటి, నాలుగు, రెండు, రెండు, నాలుగు, ఒకటి. ఒక్కో అంకెకు ఒక అంగుళం. ఏడు పట్టీలు ఒక పలక. అలాంటివి పన్నెండు పలకలు.

చెక్కకు వెతుక్కోనక్కర్లేదు. దివిసీమలో మా చివరి పొలం పోయినప్పుడు, అక్కడి గాదెను విప్పి టేకు పలకలు ఇక్కడికి తెచ్చాం. మెట్ల కింద పడి ఉన్నాయి. ఇప్పటికీ రంపం పెడితే పాత వడ్ల వాసన వస్తుంది. ప్లైవుడ్ చాలని అందరూ అన్నారు. మా ఇంట్లో ప్లైవుడ్ వాడలేదు, వాడను.

వడ్రంగి నా వయసువాడే. వాళ్ల నాన్న మా ఇంటి తలుపులకు పని చేశాడు. కాగితం మీద నేను రాసిన ఏడు అంకెలను చాలాసేపు చూశాడు.

"ఇవేంటి బాబుగారూ?"

"శేషాలు."

"శేషాలని తెలుస్తోందండి. ఎవరు తీశారని అడుగుతున్నా." పెన్సిల్ చెవి మీంచి తీసి ఒక్కో అంకె మీదా పెట్టాడు. "ఇంటి వాస్తుకు చూసే ఆయం లెక్కలో శేషం ఒకటొస్తే జెండా. మంచిదే. రెండంటే పొగ. నాలుగంటే కుక్క. ఏమీ మిగలకపోతే ఎనిమిదో లెక్క, కాకి. కాకి, జెండా, కుక్క, పొగ, పొగ, కుక్క, జెండా. ఇవి ఇంటి నెత్తిన కట్టుకుంటారా ఎవరన్నా?"

"ఇది ఇంటి ఆయం కాదు ఆచారీ. శబ్దశాస్త్రం."

"శాస్త్రం ఏదైతేనేం అండి. మీరు ఏడుతో భాగించారు, మేం ఎనిమిదితో భాగిస్తాం. శేషం శేషమే కదా?"

"నేను చెప్పినట్టు చెయ్."

"చేస్తానండి. కానీ కాకిని మాత్రం నా చేత్తో ఎక్కించను. అన్నిటికీ ఒకటి కలపండి. అప్పుడు జెండా, పొగ, ఎద్దు, సింహం, సింహం, ఎద్దు, పొగ. పొగలు రెండు ఉండనే ఉంటాయి, పొగ వంటింటికైతే మంచిదే. పోన్లెండి, మీరు కాఫీ అక్కడే తాగుతారుగా."

కుదరదన్నాను. అతను రంపం గోనెసంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే అర్థమైంది. శబ్దానికి కావలసింది పట్టీకీ పట్టీకీ మధ్య తేడా మాత్రమే. అన్నిటికీ ఒకటి కలిపినా తేడాలు మారవు. అతను చెప్పినది తప్పు కాదు. కబురు పెట్టి, "సరే, నీ తృప్తి కోసం కలుపు" అన్నాను. తప్పు కాదన్న సంగతి చెప్పలేదు. కప్పు నా మీదికి ఇంకో అంగుళం దిగింది.

పట్టీ అంటే నిండు చెక్క కాదు. అంత బరువు ఆగదు. సన్నని పలకలతో పెట్టెల్లా బోలుగా కొట్టి, అంచులు కలిపి జిగురు పెట్టాడు. పనితనం వంక పెట్టడానికి లేదు. పది పలకలు ఎక్కాయి. మిగిలిన రెండూ సరిగ్గా మధ్యలోకి రావాలి. అక్కడ ఫ్యాన్ ఉంది.

వడ్రంగి నిచ్చెన మీద ఆగాడు. "ఫ్యాన్ ఉంచి, చుట్టూ వేసేద్దామా బాబుగారూ?"

స్పీకర్ల నుంచి కుర్చీకి వచ్చే శబ్దం కప్పుకు తగిలే చోటు అదే. అది వదిలేస్తే మిగతా పదీ దండగ. ఏసీ పెట్టుకోవచ్చుగా అని అడిగేవాళ్లుంటారు. ఏసీకి బయట ఒక పెట్టె తగిలించాలి. నా నాలుగు గోడల్లో మూడింటికి అవతలి వైపు వేరేవాళ్లది. నాలుగోది తలుపున్న గోడ, దాని బయట అందరి నడవ. పెట్టె తగిలించుకోవడానికి నాకంటూ బయటి గోడ లేదు.

"తీసెయ్" అన్నాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఫ్యాన్ దిగడం చూసింది. "ఇక ఈ గదిలో వడియాలు పెట్టుకోవచ్చు" అని వంటింటి వైపు వెళ్లిపోయింది.

చివరి పలక బిగించాక చప్పట్లు కొట్టాను. చప్పుడు ఇసకలో పడ్డట్టు ఆగిపోయింది. వడ్రంగి కూడా రెండుసార్లు కొట్టి చూసి తల ఊపాడు.

ఆదివారం పదకొండింటికి నలుగురూ వచ్చారు. ఉతికి గంజి పెట్టిన పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మిల్లు యజమాని లోపలికి వస్తూ తల వంచారు. అవసరం లేదు, అయినా అందరూ వంచారు. ఎత్తు తక్కువ గదిలో మనిషి మెడ దానంతట అదే వంగుతుంది. పైకి చూసి, "పనిమంతుడే చేశాడండీ" అన్నారు. కాఫీలు అయ్యేదాకా టేబుల్ ఫ్యాన్ తిప్పాను. తరవాత దాన్ని ఆపి, తలుపు వేసి, టేపు పెట్టాను.

అంత స్పష్టంగా నేనూ ఎప్పుడూ వినలేదు. నాదస్వరం అరుగు మీదే ఉంది. డోలు దానికి ఒక అడుగు వెనక ఉంది. ఎవరో దగ్గారు. రాగం ముగిసింది. మా తాతగారు "భేష్" అన్నారు. నేను నలుగురి ముఖాలూ చూశాను. చెమట తుడుచుకుంటున్నారు.

మిల్లు యజమాని చెయ్యి ఎత్తారు. నేను టేపు ఆపాను.

"ఆ సర్రు సర్రుమనేది ఏమిటండీ?"

"పాత టేపు కదండీ, గరగర. తీయించబోతే నాదస్వరం కూడా మొద్దుబారిపోయింది. అందుకని ఉంచేశాను."

"గరగర కాదండీ. ఒక వరసలో వస్తోంది. డోలు ఆగినా అది ఆగట్లేదు." కుర్చీలో ముందుకు జరిగారు. "మీ ఇంట్లో కచేరీలప్పుడు మా తాత విద్వాంసుల పక్కన నిలబడి విసనకర్ర విసిరేవాడటండీ. మా నాన్న చెబుతుండేవాడు. ముగిసేదాకా చెయ్యి మార్చేవాడు కాదట. ఆయనది మా ఇంట్లో ఒక ఫోటో కూడా లేదు. మళ్లీ మొదటి నుంచి వేస్తారా?"

వేశాను. ఇప్పుడు నాకూ అదే వినిపించింది. తాటాకు గాలిని కోస్తున్న చప్పుడు, ఒకే తూకంగా, మైకుకు చాలా దగ్గరగా. మా తాతగారి మాట ఎక్కడో దూరం నుంచి వచ్చింది.

వచ్చినవాళ్లలో మిల్లు యజమానిని బావా అని పిలిచే ఒకాయన, కాలరు వెనక రుమాలు దూర్చుకుంటూ ఆయనతో మెల్లగా అన్నాడు. "మీ తాత టేపులో విసురుతున్నాడు గానీ బావా, మాకిక్కడ ఒక్క గాలీ లేదు."

అందరూ నవ్వారు. మిల్లు యజమాని నవ్వలేదు. కళ్లు మూసుకుని ఉన్నారు. కణతల మీంచి చెమట చొక్కాలోకి కారుతోంది. మా ఆవిడ కాఫీ బల్ల పక్కన ఒక విసనకర్ర పెట్టి వెళ్లింది. నేను లేచి దాన్ని తీసుకున్నాను. ఆయన కుర్చీ పక్కకు వెళ్లి నిలబడ్డాను. నా జీవితంలో ఒకరి పక్కన అలా నిలబడలేదు. రెండుసార్లు విసిరాను.

ఆయన కళ్లు తెరవకుండానే నా మణికట్టు పట్టుకున్నారు.

"వద్దండీ. దీని చప్పుడు దాని మీద పడుతోంది."

వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఎవరో తలుపు తీయమన్నారు. బయటి చప్పుడొస్తుందని ఆయనే వద్దన్నారు. ఆ పూట ఆయన ఆ టేపును నాలుగుసార్లు విన్నారు. నాలుగుసార్లూ మా తాతగారు భేష్ అన్నారు. వీపుకు చొక్కా అంటుకుపోయింది. విసనకర్ర ఒళ్లో పెట్టుకుని, అది కుర్చీ చేతికి తగిలి చప్పుడు చేయకుండా గట్టిగా పట్టుకుని, కదలకుండా కూర్చున్నాను.