వాన అంగీకి గంజి

మా మేనత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను ఆమె కోసం వాన జాకెట్టు చూస్తున్నాను. రెండు జాకెట్ల బొమ్మలు ఫోనులో పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని టోపీకి ముందు చూరులాంటిది ఉంది, రెండోదానికి లేదు, ఏది నయం అని తేల్చుకోలేకుండా ఉంటే వాటి మీదికి ఆమె కొడుకు పేరు వచ్చింది.

"వదినె, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది. గోడకు ఆనుకొని కూసున్నది. గట్లనే..."

నేనేమన్నానో గుర్తు లేదు. అతను ఫోను పెట్టేశాక తెరమీద మళ్ళీ ఆ రెండు జాకెట్లే వచ్చి నిలబడ్డాయి. అప్పటికి ఆరు వారాలుగా వాటిని చూస్తున్నాను.

ఆమె మా నాన్నకు అక్క. విమానాశ్రయం వచ్చినప్పుడు ఆమె చెల్క, వానమీద పండే మెట్ట చేను, అందులో పోయింది. తర్వాత శంషాబాద్‌లో ఇల్లు కట్టుకుని, మాకు రెండు వీధుల అవతల ఉండేది. నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. నలభై దాటాక డాక్టరు నడవమంటే నడక మొదలుపెట్టాను. నడక కొన్నాళ్ళకు పరుగైంది. తారు రోడ్డు విసుగొచ్చి, ఆదివారాలు రావిర్యాల వైపు బండల గుట్టకు వెళ్ళడం అలవాటైంది. ఒక ఆదివారం స్కూటీ మీద బయల్దేరితే ఆమె గేటు దగ్గర నిలబడి నన్ను ఆపింది.

"ఎవలన్న తరుముతున్నరానే కోడలా, దినాం గట్ల ఉరుకుతున్నవ్?"

"ఎవలు లేరత్తా. ఉత్తగనే."

"ఉత్తగనే ఉరుకుడేందే? ఆగు, నేను గూడ వస్త. ఏముందో చూస్త."

చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, రబ్బరు చెప్పులతోనే నా స్కూటీ ఎక్కింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. గుట్ట సగానికి వచ్చేసరికి నేను మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాను. ఆమె పైనుంచి చూసి, "గుట్టను చూడకే. కాలు కింది బండను చూడు. గుట్టను చూస్తే గుండె జారుతది" అంది. ఆ మాట నాకు గుట్టమీద ఎంతవరకు పనికొచ్చిందో చెప్పలేను గానీ, ఆ తర్వాత చాలాచోట్ల గుర్తొచ్చింది. ఆనాటి నుంచి దాదాపు రెండేళ్ళు, ఆదివారాలు ఇద్దరం కలిసే వెళ్ళాం.

ఈ ఏడు వానకాలం వచ్చింది. నేను ఒక పల్చటి జాకెట్టు కొనుక్కున్నాను. కొండ దారుల్లో పరుగెత్తేవాళ్ళ కోసం చేసింది. మడిస్తే పిడికిట్లో పడుతుంది, ఒక జామకాయంత బరువు. దాన్ని ఆమె అరచేతిలో వేసుకుని పైకీ కిందికీ ఆడించింది.

"గిది అంగీయా, ఉల్లిగడ్డ పొట్టా?"

"వాన అంగీ అత్తా. నీళ్ళు లోపలికి రావు, చెమట బయటికి పోతది."

"పోయే తొవ్వ ఉంటే వచ్చే తొవ్వ ఉండదా?"

జవాబు నాకు తెలుసు. చెప్పబోయి, నిజంగా తెలుసా అని నాకే అనుమానం వచ్చి, ఆమె చేతిలోంచి జాకెట్టు తీసుకుని తొడుక్కున్నాను. ఆమె తన సంగతి తాను చూసుకుంది. యూరియా సంచి ఒక మూలను రెండో మూలలోకి దూర్చి, తలమీద కొప్పెరలాగా, గొంగడి ముసుగు వేసుకున్నట్టు, కప్పుకుంది. చేలో వానకు ఆమె ఎప్పుడూ కప్పుకున్నది అదే. ఆ రోజు వాన కుండపోతగా కురిసింది. నా జాకెట్టు వానను ఆపింది గానీ ఎక్కేటప్పుడు పట్టిన చెమటకు లోపల తడిసిపోయాను. ఆమె తల, వీపు పొడిగా ఉన్నాయి.

అయినా సంచే మంచిదని ఆమె ఒక్కసారీ అనలేదు. గుట్ట పైకొసకు పోవాలంటే చివర్లో ఒక నిలువు బండ ఉంది. రెండు చేతులతో అంచు పట్టుకుని పైకి లాక్కోవాలి. సంచి కప్పుకున్న మనిషికి గాలి వీచినప్పుడల్లా ఒక చెయ్యి గొంతు దగ్గరే ఉంటుంది. ఆమె ఆ బండ కింద ఆగిపోయింది.

"చెయ్యి ఖాళీ ఉండదు బిడ్డా. బండ పట్టాల్నంటే సంచి ఇడ్వాలె."

"వాన ఆగినంక ఎక్కుదాం తియ్యి."

"వాన ఆగినంక ఏముంటది చూసెటానికి?"

అప్పుడు చెప్పింది. పైకొస నుంచి విమానాలు దిగే చోటు కనబడుతుంది. అక్కడే విమానాశ్రయం గోడ లోపల ఎక్కడో ఆమె చెల్క ఉంది. ఎండకాలంలో చూస్తే అంతా ఒకటే గడ్డి. కానీ ఆమె చెల్కకు ఒక పల్లపు మూల ఉండేది. ఎంత మట్టి పోసినా గట్టి వానకు అక్కడ నీళ్ళు నిలిచేవి, జొన్న కుళ్ళిపోయేది. "మావోడు బతికున్నన్ని దినాలు ఆ మూలను తిట్టిండు. ఇప్పుడు నాకు గదే ఆనవాలు. మనుషులు చదును చేస్తరు గని, నీళ్ళకు యాది ఉంటది. వాన పడంగ పైకెక్కి చూస్తే చెప్త, గిదే నాదని."

మావోడు అంటే మా మామయ్య. పోయి చాలా ఏళ్ళయింది.

ఆ రోజు తిరిగొచ్చి, ఎర్రమట్టి అంటిన జాకెట్టును ఆమె ఇంట్లో దండెం మీద వేసి మరిచిపోయాను. తప్పు అక్కడ జరిగింది. మా అత్త ఇంట్లో గంజి పడని బట్ట లేదు. కుక్కర్ కొన్నాక కూడా గంజి కోసమే అన్నం వార్చేది. తమ్ముడని తెప్పించుకునే మా నాన్న ధోతి, మనవరాలి స్కూలు బట్టలు, దుప్పట్లు, చివరికి చేతిరుమాళ్ళు. ఎవరంటే ఆమెకు ఎంత ఇష్టమో వాళ్ళ బట్టలు పెళపెళలాడడం చూసి చెప్పొచ్చు. నా జాకెట్టును బండమీద వేసి, బట్టల సబ్బు పెట్టి, బ్రష్షుతో తోమి, చిక్కటి గంజిలో ముంచి ఆరేసింది. ఆదివారం పొద్దున నా చేతిలో పెట్టి, "మంచిగ కడక్‌గ చేసిన. కొత్తదానికన్న నయం" అంది.

ఆ జాకెట్టు పైన ఒక పూత ఉంటుంది. దానివల్లే చినుకు నిలవకుండా గుండ్రంగా జారిపోతుంది. ఆ పూత ఎక్కడికో పోయింది. గుట్ట మొదట్లోనే వాన అందుకుంది. బట్ట నీళ్ళు తాగి నా భుజాలకు అంటుకుపోయింది, దానిమీద సన్నగా తెల్లటి జిగురు కారింది. నేను దాన్ని విప్పి ఆమె చేతిలో పెట్టి అరిచాను.

"తెల్వకపోతే ముట్టుకోవద్దు గదా అత్తా! ఎంత ఏరి తెచ్చుకున్ననో తెలుసా? ఇగ గిది దేనికి పనికొస్తది? నువ్వే ఉంచుకో."

"గట్లనా" అంది ఆమె. అంతే. దిగేటప్పుడు నా ముందు నడిచింది. ఒక బట్ట కోసం ఆ మాట అన్నాను. ఆ తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆపై వారం తనే మా ఇంటికి వచ్చి గడపలో కూర్చుంది.

"తప్పు నీది గాదు, నాది గాదు. గంజిది" అని నవ్వింది. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "నాకు గూడ గసుంటి వాన అంగీ ఒకటి తెప్పియ్యి. గంజి పెట్టనులే. రెండు చేతులు ఖాళీగుంటయ్" అంది.

తెప్పిస్తానన్నాను. మంచిది తెప్పించాలనుకున్నాను, నేను అరిచిన మాటలకు బదులుగా. అక్కడ మొదలైంది నా రోగం. మరీ తేలికైనది తీసుకుంటే తుమ్మముల్లు తగిలి చిరుగుతుంది. కాస్త మందంగా ఉంటే ఉక్కకు ఆమె తట్టుకోలేదు. కుట్లకు లోపలివైపు పట్టీ అతికించారా లేదా? చంకల కింద గాలి ఆడే సందు ఉందా? కొంగు, కొప్పు ఉన్న మనిషికి టోపీ సరిపోతుందా? వాటిని వాడినవాళ్ళు రాసినవన్నీ చదివాను. ఒకరు అద్భుతం అన్నదాన్ని ఇంకొకరు చెత్త అన్నారు. ఆమె రెండు మూడు రోజులకొకసారి అడిగేది.

"నువ్వు ఏరేదాక వాన ఆగుతదా?"

"మంచిది దొరకాలె గదత్తా."

"వంకాయలు ఏరినా నువ్వు గంతే. బుట్టంత కెలికి కెలికి, ఆఖరికి పుచ్చుది తెస్తవ్."

నిజంగా జాకెట్టు దగ్గరే ఆగానా అని ఇప్పుడు అనుమానం. తడిసిన ఆ నిలువు బండ మీద ఆమె కాలు జారితే ఎట్లా అన్న భయం ఉండింది. ఆ మాట ఆమెతో అంటే కొట్టిపారేసేది. అందుకే జాకెట్టును అడ్డం పెట్టుకున్నానేమో. కాదేమో. నాకు తేల్చడం రాదు, అంతేనేమో.

ఆఖరి ఆదివారం పొద్దున ముసురు పట్టి ఉంది. ఆమె ఫోను చేసింది. "పోదామానే? మంచి వాన." నేను కిటికీలోంచి చూసి, "వచ్చే వారం పోదాం అత్తా, అంగీ రానీ" అన్నాను. "సరే తియ్యి, నీ ఇష్టం" అంది. మంగళవారం పొద్దున ఆమె కొడుకు ఫోను.

పదకొండో రోజు అందరూ తిని వెళ్ళాక, ఆమె కోడలు బీరువా తెరిచి ఒక మడత తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నా పాత జాకెట్టు. చొక్కాలాగా చక్కగా ఇస్త్రీ మడత పెట్టి ఉంది.

"అక్కా, దీన్ని ఉత్త నీళ్ళల్ల ఎన్నిసార్లు జాడిచ్చిందో లెక్కలేదు. 'పిల్ల అంగీ చెడగొట్టిన, బాగు చెయ్యాలె' అనేది. ఆరినంక జర వెచ్చగ ఇస్త్రీ చేసేది. మళ్ళ పెరట్ల చీరెమీద తొడుక్కొని, చెంబుతోని భుజంమీద నీళ్ళు పోసుకొని చూసుకునేది, ఆగుతున్నయా అని. మేం నవ్వేటోళ్ళం."

"ఆగినయా?"

"'జరంత ఆగుతున్నయ్' అనేది. 'దీంతోనే పోరాదు అత్తమ్మా' అంటే, 'వద్దు, అది నాకోసం కొత్తది ఏరుతున్నది, ఏరనీ' అన్నది."

గంజి వదిలాక కాస్త వేడి తగిలితే పూత కొంత తిరిగి లేస్తుందని తర్వాత ఎక్కడో చదివాను. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మొన్న ఆదివారం వాన పడుతుంటే ఆ జాకెట్టు తొడుక్కుని ఒక్కదాన్నే వెళ్ళాను. గుట్టను చూడకుండా కాలి కింది బండను చూస్తూ ఎక్కాను. నిలువు బండ అంచును రెండు చేతులతో పట్టుకుని పైకి వెళ్ళాను. వీపంతా తడిసిపోయింది. ఎడమ భుజం మీద మాత్రం, చెంబు నీళ్ళు పడే మేర, చినుకులు గుండ్రంగా నిలబడి ఒక్కొక్కటే జారిపోతున్నాయి. మెడ దగ్గర ఇంకా సన్నగా గంజి వాసన.

కింద వాన తెర పల్చబడినప్పుడు గోడ కనిపించింది. దాని లోపల పచ్చగడ్డి, ఆ గడ్డిలో మూడు చోట్ల నీళ్ళు నిలిచి తెల్లగా మెరుస్తున్నాయి. ఒకటి గోడ మూలన, ఒకటి కొంచెం పొడుగ్గా, ఒకటి చిన్నది. వాటి మీదుగా ఒక విమానం దిగింది. చాలాసేపు నిలబడి మూడింటినీ చూశాను. అందులో ఏది ఆమెదో నాకు తెలియలేదు.