గొంగడి కింద మిగిలిన చప్పుడు

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే గద్వాల నుంచి పెద్దమ్మ ఫోను చేసింది, వీధి చివరి ఎస్టీడీ బూత్ నుంచి. “మీ పెద్దనాయిన పోయిండే” అంది. ఏడవలేదు. “ఇల్లంత సప్పుడే లేదు” అంది. ఆ మాట ఎందుకన్నదో మీకు తెలియాలంటే ఆయన కారు సంగతి చెప్పాలి.

పెద్దనాయన పత్తి మిల్లులో ఫిట్టరుగా పనిచేశాడు. ఆ మోతలో బతికినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. కంచం ముందు కూర్చుని ఉప్పు అడిగినా వీధంతా వినిపించేది. తలలో, కనుబొమల్లో ఎప్పుడూ దూది పీచు ఉండేది. మిషను ఏమాత్రం తేడాగా మోగినా తల వంచి వినేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఒకటే చెప్పేవాడు: “సప్పుడు నోరు మూయకుర్రి. అది ఏడికెళ్లి వస్తుందో దేవులాడుర్రి.”

ఆయన పని మానేసిన రోజున మిల్లు సేటు తన షెడ్డులో మూలుగుతున్న పాత స్పోర్ట్స్ కారును ఆయనకే ఇచ్చేశాడు. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఎర్ర బండి. పెద్దనాయన దాన్ని బాగుచేసి రోడ్డెక్కించాడు గానీ, లోపల కూర్చుంటే రేకుల మోతకు చెవులు చిల్లులు పడేవి. గద్వాల నుంచి వస్తూ పెద్దమ్మ దారిలో ఆత్మకూరులో ఆపమని అరిస్తే, వినబడక ఆయన తీరిగ్గా వనపర్తిలో మా ఇంటి ముందు ఆపాడు.

“నీ బండి మల్ల ఎక్కితే నా పేరు మార్చు” అంది పెద్దమ్మ దిగుతూనే.

“ఆగరాదు జర! నీ మాట నాకు ఇనవడేటట్టు చేస్త” అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. సీట్లు ఊడబీకి, తలుపుల అట్టలు విప్పి, రేకును వేలి గణుపుతో కొట్టుకుంటూ పోయాడు. ఖంగుమన్న చోటల్లా సున్నంతో గుర్తు పెట్టాడు. వానకు కారే మిద్దెల మీద పరిచే తారు షీటు తెచ్చి, ముక్కలు కోసి, మంటతో వేడి చేసి అతికించాడు. గాలి బుడగ మిగలకుండా ఒత్తడానికి పెద్దమ్మ చపాతీ కర్ర ఎత్తుకెళ్లాడు. ఆ కర్ర కోసం ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. తారు మీద ఖిల్లా ఘణపూర్‌లో గొర్రెలు కాసే కురుమల దగ్గర నేయించిన గొంగళ్లు పరిచాడు. ఇంజనుకూ కాళ్లకూ మధ్య ఉన్న బొక్కలన్నీ రబ్బరుతో మూశాడు.

మోత నిజంగానే తగ్గింది. పెద్దమ్మ గొణిగినా ఆయనకు వినిపించేది. పాపం, ఎంత సంబరపడ్డాడో! కానీ పెద్ద మోత పోయాక దాని కింద ఇంకో చప్పుడు బయటపడింది. సన్నగా, ఈల వేసినట్టు. ఆగి, మళ్లీ వచ్చేది.

“ఎనక చక్రం బేరింగే” అన్నాడు. బేరింగు మార్చాడు. చప్పుడు పోలేదు. అద్దాల రబ్బర్లు మార్చాడు. పోలేదు. ఇంకో పొర తారు, ఇంకో గొంగడి. లోపల ఎంత నిశ్శబ్దమైతే ఆ ఈల అంత దగ్గరికి వచ్చేది. ఎండకు తారు వాసన గుప్పుమనేది, ఆయన దగ్గేవాడు. తారు ఘాటు అనుకున్నాం. వెతకమని అందరికీ చెప్పిన మనిషి మూసుకుంటూ పోతున్నాడేమిటని నాకు భయమేసింది.

నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. నేను గద్వాల వెళ్లిన ఒకరోజు ఆయన జ్వరంగా ఉందని పడుకుంటే, పెద్దమ్మను ఎక్కించుకుని నేనే జూరాల డ్యాం దాకా నడిపాను. పోతున్నంతసేపూ ఇద్దరం చెవులు రిక్కించి కూర్చున్నాం. చక్రాల కింద రోడ్డు తప్ప ఏమీ వినబడలేదు.

“బాగైంది పెద్దమ్మా!” అన్నాను.

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. “బాగు గాలేదే. ఆ సప్పుడు బండిది గాదు. మీ పెద్దనాయినది.”

ఇంట్లో ఫ్యాను, టీవీ, ఆయన గొంతు; వాటి మోతలో ఆ ఈల ఎవరికీ వినబడలేదు. ఆయన పడక బయట అరుగు మీద. భుజానికి భుజం తగిలేలా ఆమె ఆయన పక్కన కూర్చునేది ఆ కారులో మాత్రమే.

తిరిగొచ్చి చెబితే కస్సుమన్నాడు. “నా రొమ్ము సంగతి నాకు తెల్వదా?” చివరికి పెద్దమ్మ అన్నం మానేస్తే దవాఖానకు కదిలాడు. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. పిల్లికూతలన్నాడు. దూది దుమ్ముతో ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయన్నాడు. బయటికి వచ్చాక పెద్దనాయన నన్ను చూసి నవ్వాడు. “సూసినవా, నా లెక్కనే తల వంచి ఇన్నడు. మంచి ఫిట్టరు.” నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత ఆయన స్టీరింగు పట్టలేదు.

దినాలయ్యాక పెద్దమ్మ కారులో తిప్పమంది. జూరాల దారి పట్టాను. బండి మెత్తగా పోతోంది. ఆమె నా వైపు కొద్దిగా ఒరిగి, తల వంచి కూర్చుంది.

“ఏమన్న ఇనవడుతుందా?” అంది.

“లేదు పెద్దమ్మా.”

“బండి ఆపు.”

దిగి, తన కాళ్ల కింది గొంగడిని రెండు చేతులా పట్టి లాగింది. తారు ముక్కలతో సహా ఊడొచ్చింది. రేకు బయటపడింది. గొంగడిని మడిచి ఒళ్లో పెట్టుకుని, మళ్లీ ఎక్కి తలుపు వేసుకుంది.

“ఇగ పోనియ్యి” అంది.

గద్వాల చేరేదాకా ఆ రేకు మొదటి రోజుల్లోలాగే మోగుతూనే ఉంది. పెద్దమ్మ పెదాలు కదులుతున్నాయి. ఆమె ఏమంటోందో నాకు వినిపించలేదు.