గోడవైపు తిరిగిన అక్షరాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఇంగ్లీషంతా గోడకు మొహం పెట్టి ఉండేది. ఆ సంగతి ఇంట్లో ఉన్న మాకే తెలియదు.

పటాన్‌చెరు దగ్గర ముత్తంగిలో మాది మట్టిగోడల రేకుల ఇల్లు. అమ్మా నాన్నా కూలి పనులకు ఊళ్ళు పట్టుకొని తిరుగుతుంటే నేను మా మేనత్త దగ్గర పెరిగాను. ఆమె మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. అక్కడ పారేసిన అట్టపెట్టెలను విప్పి, మడిచి, నెత్తిన పెట్టుకొని ఇంటికి తెచ్చేది. మా వాడలో అందరిదీ అదే పద్ధతి. వానలు మొదలయ్యే ముందు మైదా ఉడకబెట్టి ఆ అట్టలను లోపల గోడలకు అంటిస్తే, సందుల్లోంచి వచ్చే చలిగాలీ జల్లూ కొంత ఆగేవి. అచ్చు వేసిన వైపు గోడకు, బోసి వైపు మనకు. అలా అయితే ఇల్లు అలికినట్టు శుభ్రంగా కనిపిస్తుందని అందరి నమ్మకం.

నేను ఏడో తరగతి పాసైన ఏడాది మా హైస్కూల్లో కొత్తగా ఇంగ్లీషు మీడియం పెట్టారు. అందులో చేరాలని నాకు ఒకటే పట్టు. ఫ్యాక్టరీలో కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఇంగ్లీషు చదివినవాళ్ళు, నిలబడేవాళ్ళు మా వాడవాళ్ళు. ఆ మాత్రం లెక్క నాకు అప్పటికే తెలుసు. పేర్లు రాసుకునే ఇంగ్లీషు సారు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, తాను ఉండే క్వార్టర్స్ పిల్లల్లో ఎవరికీ పెట్టని పరీక్ష నాకు పెట్టారు. నల్లబల్ల మీద ఏ, ఆర్, టి అని మూడక్షరాలు రాశారు. ఇవి ఇదే వరసలో వచ్చే మాటలు రేపటికి పలక నిండా రాసుకురావాలి, లేకపోతే సీటు లేదన్నారు. మీ ఇంట్లో డిక్షనరీ ఉందా అని అడిగి, నేను లేదని తల ఊపితే నవ్వారు. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే. పోగొట్టుకోవాలని కూడా లేదు.

నా ఇంగ్లీషు వాచకమంతా గాలిస్తే రెండు మాటలు దొరికాయి. పలక ముందు పెట్టుకొని ఏడుస్తున్నాను. అప్పుడే షిఫ్టు నుంచి వచ్చిన మేనత్త సంగతంతా విని, ఆ అక్షరాలు ఎట్లుంటయో గీసి చూపించమంది. బొగ్గుతో నేల మీద గీశాను. ఆమె వాటిని కాసేపు చూసి, లేచి, గోడకున్న అట్టను ఒక మూల పట్టుకొని బర్రున లాగింది.

"వద్దత్తా! బయట వాన పడుతున్నది" అన్నాను.

"గోడకు మల్ల అతికిచ్చుకుంటం. నీ పేరు మల్ల రాస్తరా?" అంది.

ఆమెకు చదువు రాదు. నేల మీది ఆకారాలను చూసుకుంటూ, అట్ట మీద వేలు జరుపుతూ వెతికేది. ఆ మూడూ తలకిందులుగా ఉన్నా దొరికిందని అరిచేది. నేను కాదంటే ఆ అట్టను తిట్టేది. కొన్నిచోట్ల మైదా అచ్చును తినేసింది. అయినా పార్ట్స్ దొరికింది, కార్టన్ దొరికింది, స్టార్టర్, డిపార్ట్‌మెంట్ దొరికాయి. ఇంకా చాలా దొరికాయి. ఏడుస్తూ కూర్చున్నదాన్ని ఎప్పుడు నవ్వడం మొదలుపెట్టానో నాకే తెలియదు. పొద్దుగూకేసరికి పలక నిండింది, గోడలు బోసిపోయాయి. జల్లు లోపలికి కొడుతుంటే ఇద్దరం పొయ్యి దగ్గరికి జరిగి అన్నం తిన్నాం.

మర్నాడు సారు పలక చూసి, ఎక్కడివి ఇవన్నీ అని అడిగారు. మా ఇంటి గోడ మీదివని చెప్పాను. పిల్లలు గొల్లున నవ్వారు. అట్టపెట్టెల మాటలు లెక్కలోకి రావు, ఇంటికి పొమ్మన్నారు సారు. నేను కదల్లేదు.

మేనత్త ఆ రోజు షిఫ్టు మానుకొని నాతో వచ్చింది. వానకు నెత్తిన కప్పుకున్న అట్టను తీసి గుమ్మంలో నిలబడింది.

"సారూ, గీ మాటలు సూసే మా కాడ పెట్టెలు లారీ ఎక్కుతయి. ఒక పెట్టె అటిటయితే సూపర్‌వైజరు నా పానం తీస్తడు. ఫ్యాక్టరీల నడిచే ఇంగ్లీషు మీ బడిల ఎందుకు నడ్వది?"

నేను అడక్కుండానే సుద్దముక్క తీసుకొని, నల్లబల్ల మీద నిన్న ఆయన రాసిన మూడక్షరాల పక్కన ఇంగ్లీషులో క్వార్టర్స్ అని రాశాను.

"ఇది అట్ట మీద లేదు సార్. మీ ఇంటి ముంగట బోర్డు మీదున్నది. ఇది లెక్కకొస్తదా?"

సుద్దముక్క వదల్లేదు. సారు నా పేరు అన్నిటికన్నా కింద రాసుకున్నారు. కిందనైతేనేం, రాశారు.

ఆ ఆదివారం మేనత్త మళ్ళీ మైదా ఉడకబెట్టింది. ఈసారి అచ్చు వైపు మాకు కనిపించేలా అంటించింది. పక్కింటావిడ వచ్చి, ఇది ఇల్లా గోదామా అని ఎకసెక్కమాడితే, "ఇల్లే. మా కోడలు సదువుకుంటది" అంది మేనత్త. పడుకున్నా, గిన్నెలు తోముతున్నా ఆ గోడలు చదువుతూనే పెరిగాను. చివరికి అదే రోడ్డు మీది ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో, కుర్చీలో కూర్చొనే రిటైరయ్యాను.

ఇప్పుడు కొల్లూరులో ఉంటున్నాను. మనవరాలు ఫోన్లో అక్షరాలు కలిపి మాటలు కట్టే ఆట ఆడుతూ, దొరక్కపోతే నన్ను పిలుస్తుంది. చుట్టూ చూసి చెప్పవే అంటాను. మేనత్త పోయి చాలాకాలమైంది. కానీ మీ ఇంట్లో ఏముందని ఎవరైనా నవ్వితే చాలు, ఈ వయసులో కూడా నా చేయి అట్ట మూల కోసం గోడ మీదకే పోతుంది.